ఏడో దెబ్బ నాదే

మా బ్యాండు ఆల్బం వెనక పేజీలో నాలుగు పేర్లు ఉండాలి. మూడే ఉన్నాయి. గిటారు, బేసు, గొంతు. డ్రమ్స్ అన్న మాట పక్కన గిటారు వాయించినవాడి పేరే రెండోసారి వేసి, ప్రోగ్రామింగ్ అని రాసుకున్నారు. ఆ ఎనిమిది పాటల్లో ప్రతి దెబ్బ ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో తేల్చింది నేను. ఈ సంగతి ఇప్పటికి చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా గొంతు లేస్తుంది, వినేవాళ్ళు సరేలే అన్నట్టు మొహం పెడతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాగితానికి మొహం ఉండదు.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో బతు బస్తీ. నాన్న శ్రీకాకుళం తీరం నుంచి చిన్న వయసులో మేనమామ వెంట ఓడెక్కి వచ్చి ఇక్కడి సముద్రంలో వేట మొదలుపెట్టాడు. అమ్మ ఆ చేపలు తట్టలో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. నేను ఇక్కడే పుట్టి, తెలుగు మీడియం బడిలో చదివి, మిగతా లోకంతో హిందీలో మాట్లాడుతూ పెరిగాను. బడిలో పరేడ్‌కి డ్రమ్ము కొట్టేవాళ్ళలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. డ్రిల్లు మాస్టారు నన్ను ముందు వరసలో నిలబెట్టాడు. బాగా వాయిస్తున్నానని నిలబెట్టాడనుకుని వారం రోజులు నేల మీద నడవలేదు. పరేడ్ రోజు పొద్దున ఆయన ఇంకో టీచరుతో అంటుంటే విన్నాను, ముందర ఆడపిల్ల ఉంటే ఫొటో బాగా వస్తుందని. ఆ రోజు ఎంత గట్టిగా కొట్టానంటే డ్రమ్ము ఒక పక్క చిరిగిపోయింది. దానికీ నన్నే తిట్టారు.

గిటారు భయ్యా పరిచయమైంది కాలేజీ చివరి ఏడాదిలో. అతనిది డాలీగంజ్. మాలాగే తెలుగువాళ్ళు గాని, తాత కాలంలోనే వచ్చి, వేట వదిలేసి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్ళు. మెయిన్‌లాండ్‌లో ఇంజనీరింగ్ చదివి తిరిగొచ్చాడు. అందరం భయ్యా అనే పిలిచేవాళ్ళం. ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. అది కూడా నాకు కోపమే.

కాలేజీ వార్షికోత్సవంలో నేను సినిమా పాటలకి డ్రమ్స్ వాయించి దిగుతుంటే స్టేజీ వెనక నిలబడి ఉన్నాడు. బాగుందని గానీ బాలేదని గానీ అనలేదు. ఐదులో కొట్టగలవా అని అడిగాడు. పాటలన్నీ నాలుగు లెక్కలో నడుస్తాయి కదా, ఐదు లెక్కలో కొట్టమంటున్నాడు. కుర్చీ వీపు మీద కొట్టి చూపించాను. ఏడు అన్నాడు. కొట్టాను. పదకొండు అన్నాడు. తప్పిపోయాను. అతను నవ్వలేదు, నేర్చుకుని రమ్మన్నాడు. ఆ వారమంతా ఇంట్లో కంచాలు, బిందెలు, కిటికీ చువ్వలు, ఏది దొరికితే దాని మీద పదకొండు కొట్టాను. అమ్మ గరిటె విసిరింది. ఆదివారం డాలీగంజ్ వెళ్ళి పదకొండు కొట్టి చూపించాను. అలా బ్యాండు పుట్టింది.

మేం వాయించేదాన్ని టెక్నికల్ డెత్ మెటల్ అంటారు. తెలియనివాళ్ళకి ఎలా చెప్పాలో ఏడేళ్ళలో నాకు చేతకాలేదు. గొంతు పాడదు, గర్జిస్తుంది. గిటారు ఒక్క క్షణం నిలకడగా ఉండదు. లెక్క ఒకే పాటలో పదిహేనుసార్లు మారుతుంది. కింద డ్రమ్స్ రెండు కాళ్ళూ రెండు చేతులూ నాలుగు వేర్వేరు మనుషులన్నట్టు కదలాలి, అదీ పరుగు మీద. వినేవాడికి గందరగోళం. వాయించేవాడికి సూది బెజ్జంలో దారం. నాన్నకి ఒకసారి వినిపిస్తే చివరిదాకా విని, బేరింగ్ పోయిందన్నాడు. హాస్యానికి కాదు, నిజంగానే అలా వినిపించింది ఆయనకి.

డాలీగంజ్‌లో భయ్యా వాళ్ళ ఇంటి వెనక రేకుల గది ఉండేది. గోడలకి పాత పరుపులు కట్టాం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురం అక్కడ చేరేవాళ్ళం. బేసు వాయించే అతను తమిళుడు, మొబైల్ రిపేరు షాపు నడిపేవాడు, అతన్ని అన్నా అనేవాళ్ళం. గొంతు ఇచ్చే అతను డెలానీపూర్‌లో తండ్రికి ఇచ్చిన గవర్నమెంటు క్వార్టర్‌లో ఉండేవాడు, చిన్నపిల్లల బడిలో కాంట్రాక్టు టీచరు. ఇంట్లో హిందీ మాట్లాడేవాడు, తెలుగు అర్థమయ్యేది. ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకుని, మైకు ముందు రాక్షసుడిలా అరిచి, పాట అయిపోగానే గుక్కెడు తాగి, మెల్లగా, ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. అతన్ని మాస్టారు అనేవాళ్ళం.

ఇక్కడి గాలిలో ఉప్పు ఉంటుంది. గిటారు తీగలు నెల తిరక్కుండా తుప్పు పట్టేవి. నా పెడల్ స్ప్రింగులకి వంట నూనె రాసేదాన్ని. డ్రమ్స్ పక్కన స్టాండుకి బిగించే పెద్ద ఇత్తడి తాళం చీలిపోతే కొత్తది చెన్నై నుంచి రావాలి, ఓడ రద్దయితే ఇంకో ఓడ దాకా చీలిన దాని మీదే కొట్టాలి. ఇవన్నీ కష్టాలని చెప్పుకోవడం లేదు. వీటి మీద నాకు కోపం లేదు. ఉప్పు ఎవరినీ మోసం చెయ్యదు.

అప్పటికే నాకు ఉద్యోగం దొరికింది, దీవుల మధ్య తిరిగే బోట్ల టికెట్ కౌంటర్‌లో. సముద్రం బాగాలేక బోటు రద్దయిన రోజున క్యూలో ఉన్న ప్రతివాడూ తుఫాను నేనే పంపినట్టు నా మీద అరిచేవాడు. నేను మెత్తగా జవాబు చెబుతూ బల్ల కింద కాళ్ళతో లెక్కలు కొట్టేదాన్ని. కుడి, ఎడమ, కుడి కుడి, ఎడమ. కాళ్ళకి ఆ వేగం రావడానికి మూడేళ్ళు పట్టింది. గది దొరికేది వారానికి ఒక్క మధ్యాహ్నమే. మిగతా సాధనంతా ఆ బల్ల కిందే జరిగింది.

ఏడో దెబ్బ సంగతి ఇక్కడే చెప్పాలి. నాన్నది ఇంజన్ డుంగీ, అంటే ఇంజన్ పెట్టిన చిన్న పడవ, జంగ్లీఘాట్ రేవులో కట్టేవాడు. ఆ ఇంజన్ ముసలిది. ఆరు దెబ్బలు సరిగ్గా కొట్టి ఏడోది మింగేసేది. మింగి, కాస్త తడబడి, ఆ తర్వాతి దెబ్బ బరువుగా వేసేది. చిన్నప్పుడు సెలవుల్లో నాన్నతో వెళ్ళినప్పుడల్లా ఆ ఖాళీ దగ్గర నా గుండె జారేది, ఇంజన్ ఆగిపోతుందేమోనని. ఆగేది కాదు. మా నాలుగో పాట కడుతున్నప్పుడు భయ్యా గిటారు మీద ఏడు లెక్కలో ఒక ముక్క తెచ్చాడు. నేను ఆరు దెబ్బలు వేసి ఏడోది వదిలేశాను. ఎనిమిదోది, అంటే మళ్ళీ ఒకటోది, వెంట్రుకంత ఆలస్యంగా, బరువుగా వేశాను. భయ్యా చెయ్యి ఎత్తి ఆపాడు. దెబ్బ పోయింది అన్నాడు. పోలేదు, తీసేశాను అన్నాను. అక్కడ ఏదో ఒకటి ఉండాలన్నాడు. ఉండకూడదన్నాను. రెండు ఆదివారాలు ఆ ఒక్క ఖాళీ మీద దెబ్బలాడుకున్నాం. నాన్న ఇంజన్ సంగతి అప్పుడే అందరి ముందూ చెప్పాను. మూడో ఆదివారం అతను గిటారుని కూడా ఆ ఖాళీలో ఆపాడు. గది మొత్తం ఒక్క క్షణం మింగేసినట్టయి తిరిగి మీద పడింది. అన్న తమిళంలో ఏదో అన్నాడు. మాస్టారు ఫ్లాస్కు మూత కింద పడేసుకున్నాడు. భయ్యా నా వైపు చూసి తలూపాడు. ఆ తలూపడం కోసం అన్నేళ్ళు పనిచేశానని ఇప్పుడు ఒప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

ఏడేళ్ళలో మాకు దొరికిన ప్రదర్శనలు రెండు చేతుల వేళ్ళు దాటవు. ఒక కాలేజీలో రెండో పాటకే కరెంటు తీసేశారు, పోయిందని చెప్పారు, పక్కన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. టూరిస్టుల కోసం పెట్టిన ఒక మేళాలో పాటలు ఎవరూ అడగలేదు. మైకు పట్టుకున్న అతను మాత్రం, లేడీ డ్రమ్మర్‌కి చప్పట్లు కొట్టండి, దీదీ ఒక్కసారి నవ్వండి అన్నాడు. నవ్వలేదు. తర్వాత భయ్యా నన్ను పక్కకి పిలిచి, నవ్వితే ఏం పోతుంది, మళ్ళీ పిలుస్తారు కదా అన్నాడు. అతనికి నవ్వమని ఎవరూ ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. అడగాల్సింది.

ఆల్బం రికార్డు చేద్దామని భయ్యా అన్నది వానాకాలంలో. వేరే టైము లేదు, మాస్టారుకి సెలవులు అప్పుడే. నా డ్రమ్స్ ముందు నాలుగు మైకులు పెట్టి రేకుల గదిలోనే మొదలుపెట్టాం. వాన పడితే ఆపాలి. తగ్గితే మళ్ళీ మొదటి నుంచి. ఎనిమిది పాటలకి ఏడు వారాలు పట్టింది. నా కుడి మణికట్టు వాచి, టికెట్ల మీద ముద్ర ఎడమ చేత్తో కొట్టాను. చివరి పాట పూర్తయిన రోజు భయ్యా వాళ్ళమ్మ అందరికీ ఉప్మా పెట్టింది. ఆవిడ, ఇవాళ్టికి నా గోడలు బతికాయి అంటే అందరం నవ్వాం.

తర్వాత భయ్యా ఆ రికార్డింగులన్నీ తీసుకుని బెంగళూరు వెళ్ళాడు. శబ్దాలు సరిచేసి, కలిపి, పూర్తి చేయించడానికి అన్నాడు. ఆరు నెలలున్నాడు. ఫోన్ చేస్తే అవుతోంది అనేవాడు. పాట పంపమంటే నెట్ స్లో కదా, వచ్చాక వింటావులే అనేవాడు. మా దీవుల్లో నెట్ స్లో అన్న మాటని ఎవరూ కాదనలేరు. నేనూ నమ్మాను.

అతను రాకముందే ఆల్బం బయటికి వచ్చేసింది. అన్న షాపులో, విప్పి పెట్టిన ఫోన్ల మధ్య కూర్చుని, అతని హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. కొట్టినదల్లా నేను కట్టిందే, కానీ కొడుతున్నది నేను కాదు. మనిషి కొడితే రెండు దెబ్బలు ఒకలా ఉండవు. ఇక్కడ వెయ్యి దెబ్బలూ ఒకటే, ఒకే అచ్చులో తీసిన ఇటుకల్లా. నా దెబ్బలన్నీ దించి పెట్టుకుని కంప్యూటర్ కొడుతోంది, ప్రోగ్రామింగ్ అంటే అదీ. నాలుగో పాట దాకా ఆగాను. ఏడో దెబ్బ దగ్గర ఖాళీ ఉంది. కానీ తడబాటు లేదు, బరువు లేదు. కత్తెరతో కత్తిరించినట్టు ఉంది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. అన్న నా వైపు చూడకుండా ఒక ఫోన్‌కి మరలు బిగిస్తున్నాడు. నీకు తెలుసా అని అడిగాను. రెండు నెలల కిందట తెలిసిందన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, భయ్యా తనే చెబుతానన్నాడన్నాడు. ఆ మర మాత్రం బిగిస్తూనే ఉన్నాడు.

భయ్యా ఓడ దిగిన రెండో రోజు డాలీగంజ్ వెళ్ళాను. అన్న, మాస్టారు అక్కడే ఉన్నారు. నా డ్రమ్స్ మీద దుప్పటి కప్పి ఉంది. ఎందుకు మార్చావని అడిగాను.

"చూడు, సబ్ లోగ్ ఇలాగే చేస్తారు ఇప్పుడు. రికార్డింగ్‌లో వాన పడిపోయింది. టైమ్ అటూ ఇటూ ఉంది. నేను ఠీక్ చేశాను, బస్."

"సరే, ఠీక్ చేశావు. నా పేరేది?"

"నువ్వు వాయించలేదు కదా అందులో. వాయించకుండా పేరెలా వేస్తాను?"

ఆ మాట అతను ఎంత శాంతంగా అన్నాడో చెప్పలేను. ముందే లెక్క చేసి పెట్టుకున్న జవాబు. నా వాయింపు తీసేసింది అతనే, వాయించలేదు కాబట్టి పేరు లేదంటున్నదీ అతనే. మరి కట్టింది ఎవరు అని అడిగాను. పాట అందరిదీ అన్నాడు. అందరిదైతే నీ పేరు రెండుసార్లు ఎందుకుంది అన్నాను. అన్న, ఛోడో యార్, అయిపోయింది కదా అన్నాడు. మాస్టారు ఫ్లాస్కు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక్కడంటే ఒక్కడు, అవును ఆ దెబ్బలు ఈ పిల్లవే అనలేదు. భయ్యా ద్రోహం కన్నా ఆ మౌనమే నన్ను ఎక్కువ రోజులు కాల్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆల్బం గురించి విదేశాల్లో ఈ సంగీతం వినేవాళ్ళు రాయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనం టైములో కౌంటర్ వెనక ఫోన్లో చదివేదాన్ని. అందరూ డ్రమ్స్ గురించే రాశారు. ఇలాంటి ఆలోచన ఎవరికి వస్తుంది అని ఒకడు రాశాడు. నాకు వచ్చింది, ఇక్కడ కూర్చుని సద్దెన్నం తింటున్నాను అని అరవాలనిపించింది. తర్వాత భయ్యా ఇంటర్వ్యూ ఒకటి వచ్చింది. నాలుగో పాటలో ఆ లేని దెబ్బ ఎలా తట్టిందని అడిగారు. ఇంజనీరింగ్‌లో ప్రధాన సంఖ్యల గురించి చదువుతున్నప్పుడు తట్టిందన్నాడు. ఏడు ప్రధాన సంఖ్య కాబట్టి దాన్ని ఖాళీగా ఉంచితే చెవి దాన్ని వెతుక్కుంటుందట. చదివి ఫోను బోర్లించాను. కౌంటర్ అద్దం అవతల ఒకాయన టికెట్ అడుగుతున్నాడు, నాకు వినబడటం లేదు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆల్బం అంటే ఏమిటో, ఇంటర్వ్యూ అంటే ఏమిటో చెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి పాట పెట్టి ఆ చోటు వినిపించాను. ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఇది మన ఇంజనే."

"అవును నానా."

"ఆడేటి, సదువులో సూసి నేర్సుకున్నాడా దీన్ని? మనది దెబ్బ మింగుతాదని జంగ్లీఘాట్ల ఎవుల్నడిగినా సెప్తారు."

మర్నాడు పొద్దున్నే చొక్కా వేసుకుని భయ్యా వాళ్ళ నాన్న దగ్గరికి బయల్దేరాడు, పెద్దమనుషులతో మాట్లాడినట్టు మాట్లాడదామని. గుమ్మంలో అడ్డం నిలబడి ఆపాను. ముప్పై దగ్గరికొచ్చిన దాన్ని, నా గొడవకి మా నాన్న వెళ్ళి బతిమాలడం ఏమిటి? ఆయన నొచ్చుకున్నాడు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ రెండు రోజుల బాకీ కూడా నేను భయ్యా ఖాతాలోనే వేశాను.

కొన్ని నెలలకి బెంగళూరులో పెద్ద వేదిక మీద వాయించమని బ్యాండుకి పిలుపొచ్చింది. కంప్యూటర్ వేదిక ఎక్కదు కదా. భయ్యా అక్కడి డ్రమ్మర్లు ఇద్దరితో ప్రయత్నించాడట. ఒకడు మూడు పాటలు నేర్చుకుని ఆపేశాడు. ఇంకొకడు ఏడో దెబ్బ దగ్గర ప్రతిసారీ ముందే పడిపోతున్నాడట. అప్పుడు మా ఇంటికొచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది, కుర్చీ వేసింది. ఆ కుర్చీలో కూర్చుని, చెల్లీ, బెంగళూరు వచ్చి వాయించు అన్నాడు. ఏడేళ్ళలో ఎప్పుడూ అలా పిలవలేదు.

వస్తానన్నాను. ఆల్బంలో ఎనిమిది పాటలకీ డ్రమ్స్ కట్టింది నేనని పేరుతో సహా వేసి, ఇంటర్వ్యూలో చెప్పింది తప్పని రాస్తే, వస్తానన్నాను. షో అవ్వనీ, తర్వాత చేద్దాం అన్నాడు. ముందే అన్నాను.

"ఒక్క పేరు కోసం ఏడేళ్ళ పని పాడుచేస్తావా?"

"అదే ఒక్క పేరు వెయ్యడానికి నీకేం కష్టమొచ్చింది భయ్యా?"

టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ గ్లాసు కడుగుతూ, అంత మొండితనం ఎందుకే అంది. వెళ్ళాలని నాకు లేదా? అంత పెద్ద వేదిక, నిజమైన సౌండు, ఆ పాటల కోసమే వచ్చిన జనం. బోటు టికెట్లు అమ్మే నేను మెయిన్‌లాండ్‌కి వెళ్ళే ఆ ఓడ ఎక్కలేదు.

వాళ్ళు వెళ్ళారు. లాప్‌టాప్‌లో డ్రమ్స్ పెట్టి, ముగ్గురూ ముందు నిలబడి వాయించారు. వెనక డ్రమ్స్ ఉండాల్సిన చోటు ఖాళీ. ఎవరో తీసిన వీడియో చూశాను. రెండో పాటలో లాప్‌టాప్ ఒకచోట, గిటారు ఒకచోట అయ్యాయి. మనిషైతే ఇంకో మనిషిని చూసి సర్దుకుంటాడు. యంత్రం ఎవరినీ చూడదు. మాస్టారు అరవడం ఆపేసి నిలబడిపోయాడు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అవి నా పాటలు, అలా అందరి ముందూ విరిగిపోతుంటే చూడటం ఇంకో కోపం.

ఆ వారంలోనే నేను ఒక పని చేశాను. నా డ్రమ్స్ ఇంకా డాలీగంజ్‌లోనే ఉన్నాయి కాబట్టి, బడిలో సంగీతం చెప్పే ఒక స్నేహితురాలి డ్రమ్స్ అడిగి తెచ్చుకుని, మా ఇంటి వెనక నాన్న వలలు పెట్టే షెడ్డులో, మిట్టమధ్యాహ్నం నాలుగో పాట మొత్తం ఒక్కదాన్నే వాయించి, ఫోన్‌తో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాను. వాన పడుతూనే ఉంది, పడనిచ్చాను. చాలామంది చూశారు. బాగుందన్నారు. ఒరిజినల్‌ని భలే దించావు దీదీ అని ఒకడు రాశాడు. ఒరిజినల్ అంత పక్కాగా లేదు గాని, ఆడపిల్లకి చాలా ఎక్కువే అని ఇంకొకడు. ఒక చోట మాత్రం కాస్త ఆలస్యంగా పడుతున్నావు, ప్రాక్టీస్ చెయ్యి అని మూడోవాడు. వాటి కింద భయ్యా కూడా రాశాడు, మంచి ప్రయత్నం, మా పాట ఎంచుకున్నందుకు థాంక్స్ అని.

నా జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. నా దెబ్బల్ని దొంగిలించిన యంత్రానికి నేను నకలునయ్యాను. జవాబు రాద్దామని పది సార్లు టైప్ చేసి పది సార్లు తుడిచేశాను. ఏది రాసినా ఏడుపులాగే కనిపిస్తోంది.

అప్పుడు మాస్టారు నోరు విప్పాడు. పాటలు కడుతున్న రోజుల్లో, మాటలు రాసుకోవడానికని, ప్రాక్టీసు మొత్తం ఫోన్లో రికార్డు చేసుకునేవాడు. అవన్నీ దాచి ఉంచాడు. ఏడో దెబ్బ మీద మేం దెబ్బలాడుకున్న రెండు ఆదివారాలూ అందులో ఉన్నాయి. దెబ్బ పోయింది అన్న భయ్యా గొంతు, పోలేదు, తీసేశాను అన్న నా గొంతు, నాన్న ఇంజన్ గురించి నేను చెప్పింది, అన్నీ. ఆ ముక్కని అందరూ వినేట్టు పెట్టి, కింద ఇది ఎవరి ఆలోచనో మీరే వినండి అని రాశాడు. నాతో ఒక్క మాట చెప్పకుండా పెట్టాడు. ఫోన్ చేసి, ఇంత కాలం ఎందుకు దాచావని అరిచాను. ధైర్యం చాలలేదన్నాడు. నేను థాంక్స్ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

కొంతమంది నమ్మారు. కొంతమంది బ్యాండు గొడవలు మనకెందుకన్నారు. నెల తర్వాత ఇంటర్నెట్‌లో ఆల్బం పేజీలో చడీచప్పుడూ లేకుండా నా పేరు చేరింది. డ్రమ్స్ పక్కన కాదు. కింద, చిన్న అక్షరాల్లో, కవర్ బొమ్మ గీసినవాడి తర్వాత. అదనపు ఆలోచనలు అని రాసి నా పేరు. అదనపు! ఇల్లు కట్టిన మేస్త్రీకి కిటికీ రంగు వేసినందుకు కృతజ్ఞత చెప్పినట్టు. అది తీసెయ్యమని మెసేజ్ పెట్టాను. పూర్తిగా వెయ్యి, లేదా అసలు వెయ్యకు అని. అతను చదివినట్టు తెలుస్తోంది. ఆ చిన్న అక్షరాలు ఇంకా అక్కడే ఉన్నాయి.

బ్యాండు దానంతటదే ఆగిపోయింది. విడిపోతున్నామని ఎవరూ ప్రకటించలేదు. భయ్యా మళ్ళీ బెంగళూరు వెళ్ళిపోయాడు. అన్న షాపు చూసుకుంటున్నాడు, దారిలో కనిపిస్తే చెయ్యి ఊపుతాడు, నేను ఊపను.

నా డ్రమ్స్ తెచ్చుకోవడానికి ఒక ఆదివారం డాలీగంజ్ వెళ్ళాను. భయ్యా వాళ్ళమ్మ ఒక్కతే ఉంది. ఆవిడే గది తలుపు తీసి, డ్రమ్స్ ఇత్తడి తాళాలు ఒక్కొక్కటీ చీరకొంగుతో తుడిచి ఇచ్చింది. ఆటో ఎక్కిస్తుంటే అంది, "ఆ గదిలో కొట్టింది నువ్వే కదమ్మా. నాకు తెలీదా? మావోడు కూర్చుని వినేవాడు."

మరి మీరు మీ అబ్బాయికి చెప్పారా అని అడిగాను. ఆవిడ ఆటో వైపు చూసి, జాగ్రత్తగా కట్టమని డ్రైవర్‌కి చెప్పింది. అంతే. దారి పొడుగునా నేను ఆవిడ మీద కూడా మండిపడుతూనే ఉన్నాను, అది అన్యాయమని తెలిసి కూడా.

ఇప్పుడు డ్రమ్స్ మా షెడ్డులో ఉన్నాయి. ఒక పక్క వలలు, ఒక పక్క నేను. ఆర్నెల్ల కిందట మాస్టారు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, ఇద్దరమే వాయిద్దామా అని అడిగాడు. గిటారు లేకుండానా అన్నాను. లేకుండానే అన్నాడు. రానివ్వడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పటికి రెండు పాటలు అయ్యాయి. గొంతూ డ్రమ్సూ తప్ప ఏమీ లేవు. వినడానికి ఎలా ఉన్నాయో నాకు తెలియదు, నాన్న మాత్రం ఈసారి బేరింగ్ మాట ఎత్తలేదు.

మూడో పాట మొదలుపెట్టే ముందు నోటుబుక్కులో పేజీ చింపి, దెబ్బలు ఎవరివి, మాటలు ఎవరివి, ఎవరు ఏది మార్చారో రాశాను. కింద నా సంతకం పెట్టి పెన్ను అతనికిచ్చాను. మన మధ్య ఇది అవసరమా అని హిందీలో, తన మామూలు మర్యాదతో అడిగాడు. అవసరమే అన్నాను. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. బాధపడ్డాడని తెలిసింది. పడనీ అనుకున్నాను. అతను సంతకం పెట్టేదాకా నేను కర్రలు చేతిలోకి తీసుకోలేదు.